అన్నం మాట తర్వాత

పోయిన ఆదివారం మా చర్చిలో తెర ఆగిపోయింది.

మాది నాగారం. కాలనీలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి దగ్గరున్న పెద్ద చర్చికే వెళ్తున్నాం. మెత్తటి కుర్చీలు, ఏసీ, వేదిక మీద గిటార్లు, గోడ నిండా తెర. పాటలు దాని మీదే, వాక్యం దాని మీదే, ఆఖరికి పరలోక ప్రార్థన కూడా దాని మీదే. మొదట్లో నాకు నవ్వొచ్చేది. మా చిన్నప్పుడు ఆ ప్రార్థనను ఎవరైనా పుస్తకంలో చూసి చదివితే, సొంత తండ్రి పేరును కాగితం చూసి చెప్పినట్టు వింతగా చూసేవాళ్లు. ఇప్పుడు అందరితో పాటు నేనూ కళ్లజోడు సర్దుకుని తలెత్తి చూస్తాను. అలవాటైపోయింది.

ఆ రోజు ప్రసంగం అయింది, కానుకలు అయ్యాయి, ఆశీర్వాదానికి ముందు ప్రార్థన కోసం అందరం లేచి నిలబడ్డాం. అనుదిన ఆహారం కోసం అడిగే మాట వరకు బాగానే సాగింది. అక్కడ తెర బిగుసుకుపోయింది. తర్వాతి వరుస రాలేదు. అంత జనం, అందులో సగం మంది తాతల నాటి క్రైస్తవులు, మాట ముందుకు పడక అలాగే నిలబడిపోయారు. కొందరు వెనక్కి తిరిగి కంప్యూటర్ వైపు చూశారు. ఎవరో దగ్గారు. పక్కనున్న మనవరాలు నా కొంగు లాగింది.

"అమ్మమ్మా, తర్వాత లైన్ ఏంటి? నీకు తెలుసు కదా."

తెలుసు. ఆరేళ్ల వయసు నుంచి తెలుసు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఈలోపు తెర కదిలింది, జనం కదిలారు, ఆమెన్ కూడా అయిపోయింది. ఇంటికి వచ్చే దారిలో మనవరాలు మళ్లీ అడిగింది, నీకు నిజంగా రాదా అని. మర్చిపోయానే అన్నాను.

అబద్ధం. ఆ ప్రార్థనలో అన్నం మాటకూ, దాని తర్వాత వచ్చే క్షమాపణ మాటకూ నడుమ మా ఊళ్లో ఒక ఆగే చోటు ఉండేది. లోకంలో ఇంకెక్కడా లేదనుకునేదాన్ని. అది లేకుండా పోవడానికి కారణం నేను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో కొంచెం లోపలికి ఉండేది మా ఊరు. ఉండేది అంటే చెరువులో మునిగిందని కాదు. బస్సు బోర్డు మీద పేరు ఇంకా ఉంది, ఊరే లేదు. చుట్టూ ద్రాక్షతోటలు ఉండేవి. అవి పోయి ప్లాట్లు వచ్చాయి, ప్లాట్లు పోయి గేటు పెట్టుకున్న విల్లాలు వచ్చాయి. ఆ గేటు దగ్గర నిలబడి, ఇక్కడే మా అమ్మ కత్తెరతో ద్రాక్షగుత్తులు సవరించేదని చెప్తే కాపలా మనిషి నన్ను పిచ్చిదాని కింద జమకడతాడు.

మా వాడ ఆడవాళ్లందరూ ఆ తోటల్లోనే కూలి చేసేవాళ్లు. పిందెలు ఒత్తుగా ఉన్న గుత్తిని చిన్న కత్తెరతో పల్చన చేయడం వాళ్ల పని. మెడ పైకెత్తి, చేతులు పైకెత్తి, పొద్దంతా. మగవాళ్లు మైలుతుత్తం, సున్నం కలిపి తీగలకు కొట్టేవాళ్లు, ఆకులన్నీ నీలంగా మారేవి. సాయంత్రం మా బాపు ఇంటికొస్తే చొక్కా నిండా ఆ ఘాటు వాసన. అమ్మ వస్తే వేళ్లకు పచ్చితీగ వాసన. ఆ రెండు వాసనల నడుమ కూర్చుని చింతపులుసు పోసిన చెరువు చేపల కూర తింటే, అదే మాకు పండుగ. పళ్లు మాత్రం పెద్దగా తిన్న గుర్తు లేదు. అవి లారీలెక్కి పోయేవి.

చర్చిని మేం గుడి అనేవాళ్లం. పెంకులు కప్పిన ఒక పొడవాటి గది. బయట వేపకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడేది, అదే గంట. పాస్టరు అయ్యగారు మేడ్చల్ నుంచి సైకిల్ మీద నెలకొక ఆదివారం వచ్చేవాడు. మిగతా ఆదివారాలు మా అవ్వదే రాజ్యం. అవ్వ అంటే మా బాపు తల్లి. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాని ప్రార్థన ఆమె ఎత్తుకోవాలి, గుడి మొత్తం ఆమె వెనక నడవాలి.

నడిచేది, అన్నం మాట దాకా. అక్కడ అవ్వ చేయి పైకెత్తేది.

"ఆగుండ్రి. ఎవలకు ఎవల మీద ఏమున్నదో సూస్కోండ్రి. ఉత్తగ నోటితోని అనుడు వద్దు."

అంతే. ఇక గుడి మొత్తం నిలబడి ఉండాలి. వారంలో ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చినవాళ్లు ఉన్నచోటు నుంచి కదిలి, అవతలి మనిషి దగ్గరికి పోయి, రెండు చేతులు పట్టుకోవాలి. ఏం జరిగిందో అందరి ముందూ విప్పి చెప్పాల్సిన పని లేదు, చేతులు పట్టుకుంటే చాలు. వాళ్లు తిరిగి తమ చోటికి వచ్చాక అవ్వ మళ్లీ అడిగేది, "ఇంకెవలన్న ఉన్నరా?" అని. ఎవరూ కదలకపోతే, "ఇగ అనుండ్రి" అనేది. అప్పుడు అందరం కలిసి, మాకు తప్పు చేసినవాళ్లను మేం క్షమించినట్టు మమ్మల్ని క్షమించమనే మాట అందుకునేవాళ్లం.

ఇది ఎప్పుడూ గంభీరంగా జరిగేదనుకోకండి. ఒకసారి బావాబామ్మర్దులు ఇద్దరికి మేక గురించి పడింది. ఒకాయన మేక రెండో ఆయన చిక్కుడు తీగ తినేసింది. ఆదివారం అవ్వ చేయెత్తింది. ఇద్దరూ కొయ్యల్లా నిలబడ్డారు. ఎవరూ కదలరు. ఎండ పెంకుల్లోంచి కారుతోంది. పిల్లలం ఒంటికాలి మీద నిలబడే పందెం మొదలుపెట్టాం.

"పెద్దమ్మా, కాళ్లు గుంజుతున్నయి. జెర జల్దీ కానియ్యి," అన్నాడు మేకాయన.

"నాకెందుకు జెప్తవ్? నీ బామ్మర్దికి జెప్పు," అంది అవ్వ.

"ఇంటికాడ కూర మాడుతాంది పెద్దమ్మా," అంది ఆయన భార్య. వాడలో ఆమె నోటికి అందరూ జడిసేవాళ్లు.

"మాడనియ్యి. మాడిన కూరకు ఏం గాదు."

చివరికి కూరే గెలిచింది. ఇద్దరూ ఎదురు నడిచి, ఎడమొహం పెడమొహంగానే చేతులు పట్టుకున్నారు. అవ్వ ఇద్దరి మొహాలు ఎదురెదురుగా తిప్పి మరీ పట్టించింది. ఆ సాయంత్రం ఆ మేక పాలతోనే ఇద్దరూ చాయ్ తాగారు.

అయ్యగారు వచ్చిన ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం, ఉండేది. ఆ రోజు ఈ ప్రార్థన ఆశీర్వాదం ముందు కాక, రొట్టె అందుకోబోయే ముందే చెప్పాలి. అవ్వ ఆ రోజు ఇంకా ఎక్కువసేపు ఆపేది. అయ్యగారు ఇంకో ఊరికి పోవాలి, గడియారం చూసుకునేవాడు. అవ్వ ఆయన్నూ వదిలేది కాదు. "కొట్లాటలు సంకల వెట్టుకోని బల్లకాడికి పోతమా అయ్యగారూ?" అనేది. ఆయన గడియారం జేబులో వేసుకునేవాడు.

ఈ ప్రార్థన నాకు నేర్పింది మాత్రం అవ్వ కాదు, గంట చిన్నమ్మ.

ఆమె మాకు చుట్టం కాదు. గుడి ఊడ్చేది, గంట కొట్టేది కాబట్టి పిల్లలందరం ఆ పేరు పెట్టాం. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు, పిల్లల్లేరు. మిగతా ఆడవాళ్లలాగే తోటకు పోయేది. గుడి పక్కనే ఒంటి గది ఇల్లు. గుడి తాళంచెవి ఆమె నడుముకు ఉండేది. శనివారం సాయంత్రం ఆమె గుడి ఊడ్చి చాపలు పరుస్తుంటే మేం వెంట తిరిగేవాళ్లం. ఒక చాప విప్పేటప్పుడు ఒక మాట చెప్పాలి. అందరం చెప్తేనే ఆ చాప నేల మీద పడుతుంది, లేకపోతే మళ్లీ చుట్టేస్తుంది. అలా చాప వెనక చాప, మాట వెనక మాట. ప్రార్థన పూర్తయ్యేసరికి గుడి నిండేది. అన్నం మాట చాప మీద మమ్మల్ని కూర్చోబెట్టి తలా దోసెడు మక్క ప్యాలాలు పోసేది. దాని తర్వాతి చాప చిరిగి ఉండేది, కూర్చుంటే పుల్లలు గుచ్చుకునేవి.

"మెల్లగ సదువు బిడ్డా," అనేది నాతో. "గంత ఉరుకుతె దేవునికి గుడ సమజ్ గాదు."

నాకు ఇప్పటికీ ఆ ప్రార్థన చాపలు చాపలుగానే కనిపిస్తుంది.

ఇక బియ్యం సంగతి చెప్పాలి. ఇక్కడి దాకా వచ్చి తప్పించుకుంటే లాభం లేదు.

మా వాడలో ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిలో వేసేవాళ్లు. అది దేవుని పిడికెడు. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజు కూడా అవ్వ ఆ పిడికెడు తీసేది. అమ్మ మొహం మాడ్చుకుంటే, "ఉన్ననాడు పెట్టుడు ఏం పెద్ద? లేనినాడు పెట్టాలె," అనేది. ఆదివారం ఆ బియ్యం కొంగుల్లో కట్టుకొచ్చి గుడి మూలనున్న పెద్ద రేకు డబ్బాలో పోసేవాళ్లు. నెలాఖరుకు కొంత అయ్యగారికి, కొంత గంట చిన్నమ్మకు, మిగతాది ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లకు. ఒకరింటి లావు బియ్యం, ఒకరింటి సన్న బియ్యం, ఒకరింటి రేషన్ కోటా బియ్యం, అన్నీ కలిసిన డబ్బా అది. ఆ బియ్యం వండితే సగం ముద్దయ్యేది, సగం పలుకు మిగిలేది. అయినా గుడి బియ్యం రుచి వేరని అందరూ అనేవాళ్లు.

ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం ఐస్‌ఫ్రూట్ ఆయన సైకిల్ మీద వచ్చేవాడు. బూర ఊదుతూ గంట చిన్నమ్మ ఇంటి ముందున్న చింతచెట్టు నీడకు సైకిల్ ఆపేవాడు. పైసలు లేకపోతే బియ్యం తీసుకునేవాడు. గ్లాసు బియ్యానికి ఒక ఎర్ర ఐస్. అవ్వ మా ఇంట్లో ఒక్క గింజ ముట్టనిచ్చేది కాదు. "బియ్యమిచ్చి రంగునీళ్లు కొనుక్కుంటరా?" అని తిట్టేది. మిగతా పిల్లలు ఐస్ చీకుతుంటే నేను గుటకలు మింగేదాన్ని. నాకు తొమ్మిదో పదో ఏళ్లు.

గుడి వెనక కిటికీకి ఒక చువ్వ లేదు. నేను సన్నగా ఉండేదాన్ని.

మొదటిసారి ఎక్కే ముందు నాలుగు దిక్కులూ చూశాను. రెండోసారి చూడలేదు. గ్లాసు ముంచి గౌను ఒడిలో పోసుకుని, డబ్బాలో గుంట కనపడకుండా అరచేత్తో బియ్యం చదును చేసి, మూత పెట్టి, కిటికీలోంచి దిగేదాన్ని. చింతచెట్టు కిందికి ఉరికేదాన్ని. ఆ ఎర్ర ఐస్ రుచి గురించి ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది, ఎందుకంటే అది ఇప్పటికీ బాగుంది. ఎన్నిసార్లు తీశానో లెక్క చెప్పలేను. ఐదారు రోజులైతే దాటింది.

ఒకరోజు ఒంట్లో బాగాలేక గంట చిన్నమ్మ తోట నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. నేను ఆమె గడప మీదే కూర్చుని పుల్ల చీకుతున్నాను.

"ఏంది బిడ్డా, నోరంత ఎర్రగైంది?"

"ఐస్ తిన్న."

"పైసలెవలిచ్చిన్రు?"

"మా బాపు."

ఆమె వంగి కొంగుతో నా మూతి తుడిచింది. నా గౌను మడతలో నాలుగు గింజలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, రెండు కోటావి. వాటిని ఒక్కొక్కటి తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. నా మొహం చూసింది. గింజలు కొంగు చివర ముడేసుకుంది. "పో బిడ్డా, ఎండల తిరగకు," అంది.

నేను ఆ తర్వాత గుడి కిటికీ ఎక్కలేదు. కాని అప్పటికే ఆలస్యమైంది.

ఆ వారమే వాడలో ఒకామెకు కాన్పయింది. ఇంట్లో తిండి గింజల్లేవు. బియ్యం తీసిద్దామని అవ్వ గుడికి పోయి డబ్బా మూత తీసింది. నిండా ఉండాల్సింది బాగా కిందికి దిగింది. గుడి పక్క నుంచి గంట చిన్నమ్మ గడప దాకా దారిలో అక్కడక్కడా రాలిన గింజలు. అన్ని రకాలవీ.

ఆడవాళ్లు గుమిగూడారు. ఎలుకలు కావచ్చని గంట చిన్నమ్మే మొదట అంది.

"ఎలుకలు మూత దీసి మల్ల వెడ్తయా?" అంది మేకాయన భార్య. "తాళంచెవి ఎవల నడుముకున్నది?"

అవ్వ, "ఊకోండ్రి, దేవుని కాడ తేలుతది," అని అందర్నీ పంపేసింది. కాని మాట పుట్టాక ఆగుతుందా? గంట చిన్నమ్మ ఇంట్లో బియ్యం ఉన్నాయి, అవీ కలగలుపు బియ్యమే. ఉండవా మరి, నెలనెలా ఆమెకు ఇచ్చేవే అవి. గుడి బియ్యం తిని బతికే మనిషి, గుడి బియ్యం దొంగిలించలేదని ఏం చూపించి నమ్మిస్తుంది? తిలాపాపం తలా పిడికెడు అంటారు. వాడలో అందరూ తలా ఒక మాట వేశారు. నేను ఒక్కదాన్నే ఏమీ అనలేదు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో మూలకు కూర్చున్నాను. కడుపులో నొప్పి అంటే అమ్మ వాము నీళ్లు తాగించింది.

ఆదివారం వచ్చింది. గంట మోగింది, ఆమే కొట్టింది. పాటలయ్యాయి. అయ్యగారు రాని ఆదివారం అది. అందరం లేచి నిలబడ్డాం. అవ్వ పక్కన నేను. గుమ్మం దగ్గర ఎప్పుడూ నిలబడే చోట ఆమె.

అన్నం మాట దగ్గర అవ్వ చేయెత్తింది.

"ఆగుండ్రి."

ఆ రోజు మిగతా మాటలు అనలేదు. అనాల్సిన పని లేదు. కళ్లు మూసుకున్నవాళ్లు కూడా కనురెప్పల సందులోంచి గుమ్మం వైపే చూస్తున్నారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారట. నేను నాలుకతో పళ్ల వెనక తడుముకున్నాను, ఎరుపు ఇంకా ఉందేమోనని. ఒక్క అడుగు వేస్తే చాలు. అవ్వ నా పక్కనే ఉంది, అడుగు కూడా వేయక్కర్లేదు, పక్కకు తిరిగి ఆమె చేతులు పట్టుకుంటే చాలు. నేను పాదాల వైపు చూస్తూ నిలబడ్డాను. కింద ఉన్నది ఆ చిరిగిన చాపే.

ఎంతసేపు గడిచిందో. ఒకసారి తలెత్తితే గంట చిన్నమ్మ నన్నే చూస్తోంది. కోపంగా కాదు. శనివారం సాయంత్రం చాప సగం విప్పి, నేను మాట చెప్తానేమోనని చూసే చూపు అది. నేను తల దించుకున్నాను.

అప్పుడామె నడిచింది. ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. అవ్వ ఎదుటికి వచ్చి రెండు చేతులు చాచింది.

"పెద్దమ్మా, బియ్యం నేనే తీసిన. మాఫ్ జెయ్యుండ్రి."

అవ్వ మొహంలో రంగు మారింది. కాని కట్టుబాటు అవ్వది. చేతులు పట్టుకుంది. ఆమె వెనక్కి నడిచి గుమ్మం దగ్గర నిలబడేదాకా ఆగి, ఎప్పటిలా అడిగింది.

"ఇంకెవలన్న ఉన్నరా?"

నేను పలకలేదు.

"ఇగ అనుండ్రి."

అందరం అన్నాం. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

మా వాళ్లు ఆమెను క్షమించారు. తాళంచెవి మాత్రం తీసుకున్నారు. గంట కొట్టే పని మేకాయనకు ఇచ్చారు. తోటలో మేస్త్రీ సాయంత్రం మిగతా ఆడవాళ్లను వదిలేసి ఆమె గంప ఒక్కటే దులిపి చూసేవాడట, అమ్మ చెప్పేది. నెలాఖరు బియ్యం ఇవ్వబోతే ఆమె వద్దంది. వానలు పడేసరికి అలియాబాద్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. రేకు పెట్టె, చుట్టిన చాప పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉంటే నేను దగ్గరికి పోయాను. చెప్దామనే పోయాను. ఆమె కొంగులోంచి ప్యాలాలు తీసి నా చేతుల్లో పోసింది.

"ప్రార్థన మరువకు బిడ్డా. నాకు ఎవల మీద ఏం లేదు," అంది.

నోటి నిండా ప్యాలాలు పెట్టుకున్నాను. బస్సు వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం అవ్వ ప్రార్థన ఎత్తుకుంది. అన్నం మాట వచ్చింది. అందరం అలవాటుగా ఆగాం. అవ్వ ఆగలేదు. ఒంటరిగా ఆమె గొంతు ముందుకు పోతుంటే మేం తడబడుతూ వెనక అందుకున్నాం. మళ్లీ ఎప్పుడూ ఆపలేదు. ఎందుకు ఆపడం లేదని బాపు అడిగితే, "ఆపి ఏం జేసిననో సూసిండ్రు గద," అంది. గుడి అయిపోగానే ఇంటికి పోయేవాళ్లం. కూరలు మాడడం మానేశాయి. చిన్నచిన్న కొట్లాటలు వారాలు దాటి, నెలలు దాటి, ఏళ్లకేళ్లు నిలబడ్డాయి. ఆ బావాబామ్మర్దులే తర్వాత పొలం గెట్టు తగాదాతో కోర్టుకెక్కి, ఒకరి చావుకు ఒకరు పోలేదు.

ఇదంతా చిన్నప్పటి పిరికితనం, పోనీలే అని ఎవరైనా అనవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని, అవ్వ మంచాన పడేదాకా.

అప్పటికి నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. సెలవు పెట్టి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె కళ్లు తెరిచి అడిగింది.

"బిడ్డా, గామె బియ్యం తీసిందంటవా?"

"ఎవరవ్వా?"

"గంటామె. నాకు నమ్మిక లేదు. నేను ఆపితిని, అందరు సూడవట్టిరి, పాపం ఏం జేస్తది, ఒప్పుకున్నది. ఉసురు నాకు తలిగింది."

తొమ్మిదేళ్ల పిల్లకు భయం ఉంటుంది. చీర కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని, బడిలో పిల్లలకు నిజం చెప్పమని చెప్పే టీచరమ్మకు ఏం భయం? అవ్వ కళ్లల్లో నేను తగ్గిపోతానని. అంతే. ఇంకేమీ లేదు.

"ఏమో అవ్వా. పాత ముచ్చట గిప్పుడెందుకు? పండుకో," అన్నాను.

మూడో రోజు అవ్వ పోయింది. ఆ ఉసురు తనదే అనుకుంటూ పోయింది. ఒక్క మాటతో దించగలిగిన బరువును నేను ఆమె గుండె మీదే ఉంచి పంపించాను. బియ్యం దొంగతనం కంటే ఇదే నన్ను ఎక్కువ తింటోంది. ఆమె సమాధి దగ్గర అయ్యగారు పరలోక ప్రార్థన చెప్పించినప్పుడు, అన్నం మాట దాటాక నేను ముందుకు పోలేక ఆగిపోయాను. ఏడుపు అనుకున్నారు. అప్పటి నుంచి ఆ ఒక్క మాట దగ్గర పెదవులు కదిలించి ఊరుకుంటాను. ఏ గుడిలోనూ ఎవరూ పసిగట్టలేదు, నా మనవరాలు తప్ప.

అలియాబాద్ ఏమీ దూరం కాదు. కరీంనగర్ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయానో, ఆ ఊరు రాగానే పర్సులో ఏదో వెతుక్కునేదాన్ని. దిగితే ఆమె ఉంటుందని భయం. వయసు పెరిగే కొద్దీ, దిగితే ఆమె ఉండదని భయం.

వారం తిరిగి నిన్న ఆదివారం పొద్దున్నే, స్నేహితురాలి ఇంటికని చెప్పి బయల్దేరాను. రెండు ఆటోలు, ఒక బస్సు. అలియాబాద్‌లో హోటల్ దగ్గర అడిగితే గుడికి దారి చూపించారు. రేకులు వేసిన చిన్న గుడి. గుమ్మం బయట ఇనుప కమ్మీకి రైలు పట్టా ముక్క వేలాడుతోంది. లోపల చాపలు. నేను పోయేసరికి పాటలు అయిపోయాయి. మోకాళ్ల నొప్పితో ఎలాగో కూర్చుని, పక్కనున్న ఆమెను గంట చిన్నమ్మ గురించి మెల్లగా అడిగాను.

"గంట గొట్టే అవ్వనా?" అంది ఆమె. "పోయి నాలుగేండ్లాయె. మీకేమైతది?"

"మా ఊరామె," అన్నాను.

వెనక్కి పోదామనుకున్నాను, కాని మధ్యలో లేచి వెళ్తే బాగుండదు. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. చివరకు అందరూ లేచారు. సంఘపెద్ద ఒక నడివయసు ఆయన, చేతులకు మట్టి మరకలు పోని రైతు, ప్రార్థన ఎత్తుకున్నాడు. తెర లేదు, పుస్తకం లేదు. మాట వెనక మాట వచ్చింది. అన్నం మాట వచ్చింది.

ఆయన చేయెత్తాడు.

"ఆగుండ్రి."

గుడిలో కదలిక మొదలైంది. ఒక ముసలాయన కర్ర పట్టుకుని మెల్లగా అవతలి వైపుకు పోయాడు. ఇద్దరు తోడికోడళ్లు కాబోలు, నవ్వుకుంటూ చేతులు పట్టుకున్నారు. పక్కామె నా చెవి దగ్గర చెప్పింది.

"కొత్తోళ్లకు వింతుంటది. మా కాడ గిట్లనే. గంట గొట్టే అవ్వ నేర్పింది. గీడ ఆగకుంటే ఊకునేది గాదు."

ఆమె పరువు తీసింది, ఊరు విడిపించింది ఆ ఆగే చోటే. మా ఊళ్లో మేం దాన్ని వదిలేశాం. ఆమె ఆ రేకు పెట్టెతో, చాపతో పాటు దాన్ని మోసుకొచ్చి ఇక్కడ బతికించింది. ఏం చూసి అంత నమ్మిందో. నేను చాప అంచు మీద నిలబడి, ఎవరి దగ్గరికి నడవాలో తెలియక చుట్టూ చూశాను.

పోయినవాళ్లందరూ తమ చోటికి వచ్చేశారు. పెద్దాయన గుడి అంతా ఒకసారి చూసి అడిగాడు.

"ఇంకెవలన్న ఉన్నరా?"

"నేనున్న," అన్నాను. అనేశాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బియ్యం నేను తీసిన. ఆమె తియ్యలె."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏ బియ్యమో, ఏ ఊరిదో వాళ్లకేం తెలుసు? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ఎవలకాడికి పోవాలె అమ్మా నువ్వు? పో. మేం ఆగుతం."

నేను గుమ్మం వైపు చూశాను. అక్కడ ఎవరూ నిలబడి లేరు. ఎండ మాత్రం చాప దాకా వచ్చింది. ఆయన నిజంగానే ఆగాడు, గుడి మొత్తం ఆగింది. పసిపిల్ల ఒకతె ఏడుపు అందుకుంటే తల్లి భుజానికెత్తుకుంది. నేను కదలకపోయేసరికి పక్కామె నా రెండు చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇగ అనుండ్రి," అన్నాడాయన.

అందరూ అన్నారు. నేనూ అన్నాను, ఇన్నేళ్లకు, పూర్తిగా, మెల్లగా, ఒక్క మాట మింగకుండా. పక్కామె చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. గంట చిన్నమ్మ చేతులు కూడా అలాగే ఉండేవి. కాని అవి ఆ చేతులు కావు.